దోర్నకల్ అధ్యక్షులు అజరయ్యగారు దేవునికిచ్చిన కాలము

ఈ శతవార్షిక సంచికకు వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు కోరినప్పుడు మేము మొదట ఇచ్చిన జవాబు తీరిక లేదన్నదే. అది అబద్ధమేమీ కాదు. చెరకు గానుగలాడు కాలము. ఐరాల చుట్టుపట్ల మా సంఘస్థులలో చాలమంది బెల్లపు బట్టీల దగ్గర పనిలో ఉన్నారు. ఆ నెలలో వివాహములు రెండు, జ్ఞాపకార్థ కూడిక ఒకటి, సంఘపు లెక్కల తనిఖీ, వీటికి తోడు చిత్తూరులో మీటింగులు. అయితే ఆ జవాబు పంపిన రాత్రి పడుకొనబోవుచుండగా ఒక సంగతి జ్ఞాపకము వచ్చినది. ఆ వారమే శుక్రవారపు ప్రార్థనకు రానివారి ఇండ్లకు పోయి ఎందుకు రాలేదని అడిగితిమి. అందరును తీరిక లేదనే చెప్పినారు. వారిమీద విసుగుకొని ఇంటికి వచ్చిన మేమే, అదే మాట కాగితముమీద వ్రాసి సంపాదకులకు పంపితిమి. మరునాడు మరల జాబు వ్రాసి, బిషప్ అజరయ్యగారినిగూర్చి వ్రాసెదమని ఒప్పుకొన్నాము.

అజరయ్యగారు మన ప్రాంతమునకు అధ్యక్షులుగా ఉన్నవారు కారు కదా, మన సంచికలో వారి ప్రసక్తి ఏల అని కొందరు అడుగవచ్చును. మన చిత్తూరు, మదనపల్లె సీమలు స్కడ్డరు సహోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషను చేతులలో పెరిగినవి. మదనపల్లెలో ఏండ్లకొలది మందు ఇచ్చుచు, వాక్యము చెప్పుచు, 1908లో ఆ ఊరిలోనే కన్నుమూసిన చాంబర్లేను దొరగారు మనకు దగ్గరవారు. వారినిగూర్చి మాకంటె పెద్దలు ఈ సంచికలో వ్రాయుదురని తలంచుచున్నాము. అయినను 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన దినమున, మన పెద్దలును దోర్నకల్ వారును ఒకే బల్ల యొద్దకు వచ్చినారు. ఆ దినముకొరకు పాటుపడి, ఆ దినము చూడకయే గతించినవారిలో అజరయ్యగారు ముఖ్యులు. కనుక వారు మనవారు కూడ. మన రాయలసీమలోనే నంద్యాల, కడప ప్రాంతములలోని అనేక గ్రామములకు వారు అధ్యక్షులుగా తిరిగినవారన్న సంగతియు మరువరాదు.

వారి పూర్తి పేరు వేదనాయకము సమూయేలు అజరయ్య. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై అను చిన్న పల్లెలో జన్మించినారు. తండ్రి తోమా వేదనాయకముగారు ఆ ఊరి గురువు. హిందూ కుటుంబములో పుట్టి క్రీస్తును అంగీకరించినవారు. తల్లి ఎల్లెన్ అమ్మగారు. ఆ దంపతులు కుమారునికొరకు చాల ఏండ్లు కనిపెట్టి, హన్నా అడిగినట్లు అడిగి, పుట్టిన బిడ్డకు సమూయేలు అని పేరు పెట్టినారు. తండ్రి 1889లో గతించినారు. పిల్లవానిని పెంచిన చేయి తల్లిది. ఆమె ప్రార్థనాపరురాలు, క్రమశిక్షణ విషయములో గట్టి మనిషి. వారి జీవితమంతయు చదివిన మీదట, బిషప్పుగారి దినచర్యకు పునాది ఏ కళాశాలలోను పడలేదు, ఆ తల్లి ఒడిలోనే పడినదని మాకు తోచినది.

మేము వేదశాస్త్ర కళాశాలలో చదువుకొన్న దినములలో అజరయ్యగారు మాకు ఒక తేదీల పట్టిక. పుట్టినది ఎప్పుడు, పట్టాభిషేకము ఎప్పుడు, ఏ మహాసభలో మాటలాడినారు, ఇవి కంఠస్థము చేసి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాము. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచు చివరి పరీక్షనాటికి జబ్బుపడి, ఆ పరీక్ష వ్రాయలేక, పట్టా లేకయే బయటికి వచ్చినారన్న సంగతి మాత్రము విద్యార్థులమైన మాకు మిక్కిలి నచ్చెడిది. తరువాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు ఆయనకు గౌరవ డాక్టరు పట్టము ఇచ్చినారు.

చదువు ముగిసిన పిమ్మట 1895 నుండి ఆయన వై.యం.సి.ఏ.లో కార్యదర్శిగా పనిచేసినారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడినారు. ఆ కాలములో దక్షిణదేశమున కళాశాల చదువు చదివిన క్రైస్తవ స్త్రీలు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. ఆమె వారిలో ఒకరు. వై.యం.సి.ఏ.లో ఆయనకు మంచి పేరు, మంచి స్నేహితులు, దేశమంతట ప్రయాణములు. అక్కడనే ఉండిపోయినయెడల ఎవరును తప్పు పట్టెడివారు కారు.

1902లో ఆయన సింహళములోని యాళ్పాణమునకు పోయినారు. దానినే జాఫ్నా అందురు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బు పోగుచేసి, తమలోనుండియే సువార్తికులను దూరదేశములకు పంపుచుండుట చూచినారు. తమ తిరునెల్వేలి సంఘము వారికంటె పెద్దది, పాతది. అయినను పొరుగువారి సంగతి ఎన్నడును తలపెట్టలేదు. ఆ సిగ్గు ఆయనను వదలలేదు. మరుసటి ఏడు, 1903 ఫిబ్రవరి 12న, పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడినది. విదేశీయుల డబ్బు లేకుండ, విదేశీయుల పెత్తనము లేకుండ ఆ సొసైటీ నడువవలెనన్నది నియమము. 1905 క్రిస్మసు దినమున శ్రీరామపురములో జాతీయ మిషనరీ సొసైటీ ఏర్పడుటలోను ఆయన చేయి ఉన్నది.

తిరునెల్వేలి సొసైటీవారు పనికి ఎన్నుకొన్న చోటు నైజాము రాజ్యములోని దోర్నకల్. అక్కడి భాష తెలుగు, వీరి భాష తమిళము. పని సాగించుటకు ఇంకను మనుష్యులు కావలసివచ్చినారు. అజరయ్యగారు ఊరూర తిరిగి యువకులను పొండని పిలిచినారు. పిలుచుచు పిలుచుచు, తాను పోనిచోటికి ఇతరులను పొమ్మనుట ఎట్లని తన మనస్సే తనను అడుగగా, 1909లో వై.యం.సి.ఏ. ఉద్యోగము విడిచి, గురువుగా అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరినారు. అప్పుడు ఆయనకు ముప్పదియైదు ఏండ్లు. మొదట గుడారములోనే కాపురము. చుట్టును అడవి; రైలు కూడలి తప్ప చెప్పుకొనదగినది ఏమియు లేదు. ఆ వయస్సులో అ, ఆ లు దిద్ది తెలుగు నేర్చుకొన్నారు. మనము తమిళనాడు సరిహద్దున ఉన్నవారము, రెండు భాషలును చెవిని పడుచుండును గనుక ఇందులోని కష్టము మనకు అంతగా తోచదు. ఒక భాషలో ప్రసంగించి వేలమందిని కదిలించిన మనిషి, మరియొక భాషలో బిడ్డవలె తడబడుటకు ఒప్పుకొనుట చిన్న సంగతి కాదు.

1910లో ఎడింబరో మహాసభలో ఆయన చేసిన ప్రసంగము లోకమంతట పేరు పొందినది. తెల్లదొరలు ఇచ్చినది చాల ఉన్నది, కాని సరిసమానమైన స్నేహము మాత్రము ఇయ్యలేదని దొరల సభలోనే చెప్పిన ధైర్యము ఆయనది. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ దేవాలయములో బిషప్పుగా అభిషేకింపబడినారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదే మొదలు. మేము మార్కులకొరకు కంఠస్థము చేసినది ఇంతవరకే.

పరీక్షలో ఎవరును అడుగని సంగతి ఒకటి ఉన్నది. వారు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు లేచెడివారు. బంగళాలో ఉన్నను, పల్లెలో డేరాలో ఉన్నను అంతే. తెల్లవారి మనుష్యులు వచ్చి తలుపు తట్టువరకు ఆ కాలము దేవునిది. వాక్యము చదువుకొనెడివారు. పిమ్మట తన మండలములోని గురువులను, ఉపదేశకులను, బడులను, ఆసుపత్రులను, పనివారిని పేరు పేరున దేవుని యెదుట పెట్టెడివారు. ఎక్కడనో మారుమూల గ్రామములో, జీతము చాలక, బిడ్డలకు జబ్బుచేసి, నన్ను ఎవరు తలంచుదురని కూర్చున్న ఉపదేశకుని పేరును, ఆ చీకటి వేళ దోర్నకల్‌లో పలుకబడుచుండెడిది.

ఇట్టి సంగతి చదివినప్పుడు మనకు కలుగు మొదటి తలంపు ఏమనగా, ఆయన బిషప్పుగారు, పని చేసిపెట్టువారు నలుగురు ఉందురు, తీరిక ఉండును అని. లెక్క చూడుడి. ఆయన కాలము ముగియునాటికి ఆ మండలములో క్రైస్తవులు రెండు లక్షలకు పైబడినారు. కృష్ణా డెల్టా మొదలుకొని రాయలసీమ వరకు తిరుగవలెను. రైలు పోనిచోటికి ఎద్దులబండి, బండి పోనిచోటికి కాళ్లు. 1929 మొదలు చనిపోవువరకు భారతదేశ క్రైస్తవ జాతీయసభకు అధ్యక్షులు. 1927లో లోజాను, 1930లో లాంబెత్, 1938లో తాంబరము, ఇట్లు ఎన్ని మహాసభలు! దీనికితోడు గురువులకొరకు పుస్తకములు వ్రాసినారు. పని ఎక్కువైనకొలది ఆ తెల్లవారుజామున మాత్రము కోత పెట్టలేదు. మనమైతే ముందుగా కోసివేయునది దానినే. మేము మొదట కోసినది దానినే.

దీనికి మాకొక సాకు ఉండెడిది. పనియే ప్రార్థన అని. సంఘపు పనిమీద తిరుగుచున్నాము గదా, ఇది దేవుని పని కాదా, ప్రత్యేకముగా మోకాళ్లూనుట ఎందుకు అని మాకు మేము చెప్పుకొన్నాము. ఒక ఆదివారము ఆ అంశముమీదనే ప్రసంగము కూడ చేసితిమి. బాగున్నదని పలువురు మెచ్చుకొన్నారు. మెచ్చుకొనకేమి? అందరికిని అనుకూలమైన బోధ అది! పొలములో పనిచేయుటయు ప్రార్థనయే అయినప్పుడు గుడికి రానవసరము లేదు. అజరయ్యగారి జీవితములో ఈ సాకునకు చోటు దొరకదు. పగలంతయు పనిచేసినవాడే చీకటితో లేచి ప్రార్థించినాడు. ఒకటి చేసితిని గనుక రెండవది తీరిపోయినదని లెక్క కట్టలేదు.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక కూలి కుటుంబములో ఇంటి యజమాని మంచము పట్టినాడు. ఒక బుధవారము అతని భార్య పని దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, ఇంటికి వచ్చి ప్రార్థన చేయవలెనని అడిగినది. మేము అప్పుడు ఒక కమిటీకి సమర్పించవలసిన లెక్కలు ముందు పెట్టుకొని కూర్చున్నాము. ఆదివారము ఆరాధన కాగానే తప్పక వత్తుమని చెప్పి పంపితిమి. ఆ మనిషి శనివారము తెల్లవారుజామున చనిపోయినాడు. భూస్థాపన మేమే చేసితిమి. ఆమె మమ్మును ఒక్క మాట అనలేదు. తరువాతి ఆదివారము యథాప్రకారము గుడికి వచ్చి, బియ్యపు పాత్రలో తన పిడికెడు బియ్యము పోసి కూర్చున్నది. లెక్కలు ఆ బుధవారమే ముగించి పంపితిమి. అవి ఒక నెలవరకు ఎవరును విప్పి చూడలేదని పిమ్మట తెలిసినది. పేరు పేరున ప్రార్థించు అలవాటే మాకు ఉన్నయెడల, ఆ పేరు ఆ తెల్లవారుజామున మా నోటికి వచ్చియుండును. బుధవారము రాత్రియే పోయియుందుము. పని ప్రార్థనకు సమానము కాదని మాకు తెలిసినది అప్పుడే.

అజరయ్యగారు తాను కాలమిచ్చుటతో సరిపెట్టుకొనలేదు. తన సంఘస్థులనుండి కూడ అడిగినారు. ఎవరిని అడిగినారో చూడవలెను. ఆ మండలములో క్రైస్తవులైనవారు అధిక సంఖ్యలో మాల మాదిగ పల్లెల కూలీలు. చీకటితో లేచి ఆసామి పొలమునకు పోయి, చీకటిపడి తిరిగి వచ్చువారు. వారి కాలము వారిది కాదు. జీతగానికి తన దినము తన చేతిలో ఉండదు. ఆదివారము పనికి రానన్న మాట తెలుగుదేశములో ఎన్నో పల్లెలలో పెద్ద తగవునకు కారణమైనది. అటువంటి మనుష్యులకు ఎక్కువ కాలము దేవునికిమ్మని చెప్పుట ఎట్లు?

ఆయన చేసినది ఏమనగా, వారికి దొరకు కాలములోనికే ఆరాధనను తెచ్చినారు. పల్లెలలో ప్రార్థన రాత్రివేళ. పని దిగి, గంజి త్రాగి, పిల్లలను నిద్రపుచ్చి వచ్చిన తరువాత గంట మ్రోగెడిది. ఉపదేశకుడు దీపము పెట్టి, ప్రతి రాత్రియు కొద్దిపాటి ఆరాధన జరిపెడివాడు. చదువురానివారు గనుక పుస్తకము చూచి చెప్పునది తక్కువ, నోటికి వచ్చినది ఎక్కువ. ప్రభువు ప్రార్థన, విశ్వాసప్రమాణము, పది ఆజ్ఞలు కంఠస్థము. మిగిలినది కీర్తనలు. తెలుగు రాగములలో, తాళములతో, చప్పట్లతో పాడు కీర్తనలే ఆ జనులకు వేదపాఠశాల. రాత్రి నేర్చిన కీర్తన పగలు నాట్లలోను కలుపులోను వెంట వచ్చెడిది. ఆసామి కూలి ఇచ్చి కొన్నది చేతులను మాత్రమే, నోరు కొనలేదు. కోతల పండుగలు, ఊరేగింపులు, మన జాతరలవలె జరుగు క్రైస్తవ కూటములు, ఇవన్నియు ఆయన ఆదరించినవే. ఊరి జనులకు తెలిసిన రీతిలోనే దేవుని సంతోషముగా స్తుతించవలెనన్నది ఆయన తలంపు.

బిషప్పుగారు గ్రామమునకు వచ్చినయెడల ఉపన్యాసము చెప్పి వెళ్లిపోవుట లేదు. క్రింద కూర్చున్న ముసలివారిని, స్త్రీలను, పిల్లలను ప్రశ్నలు అడిగెడివారు. ఏమి నేర్చుకొన్నారు, దాని భావమేమి అని. జవాబు చెప్పించుటలో ఆయనకు గొప్ప ఆసక్తి. అంతవరకు ఊరిలో ఎవరును ఒక కూలి స్త్రీని నీవేమి అనుకొనుచున్నావని అడిగినది లేదు. పని చెప్పినవారే గాని మాట అడిగినవారు లేరు. దేవునికిచ్చు కాలము ఆమెకు భారమైనదా, గౌరవమైనదా అని మేము ఎన్నోమారులు ఆలోచించినాము. రెండును కొంత కొంత అయియుండును. అలసిన దేహముతో వచ్చి కూర్చుండుట భారమే. పేరు పెట్టి పిలిచి ప్రశ్న అడుగగా లేచి నిలువబడి జవాబు చెప్పుట మాత్రము ఆమె జీవితములో కొత్త సంగతి.

పిడికెడు బియ్యపు సంగతి మనందరకు తెలిసినదే. వంటకు ఎసట పోయునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయుట, ఆదివారము దానిని గుడికి తెచ్చుట. దోర్నకల్ మండలములో అజరయ్యగారు దీనిని క్రమముగా నడిపించినారు. క్రైస్తవుని అర్పణనుగూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకము అనేక భాషలలోనికి మార్చబడినది. దానిని సంఘపు ఆదాయముగానే మనము చూతుము. మేము కూడ లెక్కల పుస్తకములో కిలోలుగా వ్రాసి వేలము వేసిన మొత్తమును జమకట్టుదుము. పొయ్యి యొద్ద జరుగు సంగతి లెక్కల పుస్తకములోనికి రాదు. ఎసరు మరుగుచుండగా, బిడ్డ ఏడ్చుచుండగా, బియ్యములో చేయిపెట్టిన ఆ క్షణమున ఆమె దేవుని తలంచుకొనుచున్నది. దినమునకు రెండుమారులు, మూడుమారులు. తీరిక అను మాట అక్కడ రాదు. వంట మానుటకు వీలులేదు గనుక, ఆ తలంపు మరచుటకును వీలులేదు. జొన్నలు, రాగులు తినువారు వాటినే పిడికెడు తీసినారు.

సాక్ష్యపు వారమునుగూర్చి కూడ చెప్పవలెను. ఏడాదికొక వారము సంఘస్థులు, గురువులతోబాటు కూలీలు సైతము, జట్లుగా పొరుగు పల్లెలకు పోయి, పాడి, తమకు జరిగిన మేలు చెప్పి వచ్చెడివారు. జ్ఞానస్నానము పొందువారు తమ చేయి తమ తలమీదనే పెట్టుకొని, సువార్త చెప్పకపోయినయెడల తమకు శ్రమయని పలుకునట్లు ఆయన నేర్పినారు. సువార్త చెప్పుట జీతగాళ్ల పని కాదు, జ్ఞానస్నానము పొందిన ప్రతివాని పని అని భావము. ఒక వారము పని మానుట అనగా కూలికి ఒక వారపు కూడు. ఇట్లు అడుగుట న్యాయమా? మా సంఘములో ఈ కథ చెప్పినప్పుడు ఒక యువకుడు లేచి ఇదే అడిగినాడు. బిషప్పుగారికి జీతము ఆగదు, కూలివానికి ఆగును కదా అని. అతని మాటలో న్యాయమున్నది, మేము త్రోసివేయలేదు. మేము చెప్పగలిగినది ఇంతే: అజరయ్యగారు తాను విడిచిపెట్టనిది వారిని విడిచిపెట్టుమని అడుగలేదు. మద్రాసులోని ఉద్యోగము విడిచి గుడారమునకు వచ్చినవాడు అడిగినాడు గనుక వారు విన్నారు. మరియు ఆ కూలీలు మాటలాడినప్పుడు పొరుగు పల్లెలవారు విన్నారు. ఆ మండలములో సంఘము పెరిగినది ముఖ్యముగా ఆ సామాన్యుల నోటి మాటవలననే గాని, మహాసభల ప్రసంగములవలన కాదు.

ఆయన మెత్తని మనిషి కారు. క్రమము తప్పిన గురువును, త్రాగి వచ్చిన సభ్యుని, అప్పుచేసి పెండ్లి చేసినవానిని గట్టిగా మందలించెడివారు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు, ఈ నాలుగింటితో పోరాడవలెనని గ్రామము వెంట గ్రామము చెప్పినారు. ఇట్టివారి క్రింద పనిచేయుట సులభము కాదని గురువర్గములో ఉన్న మాకు తెలియును! నాలుగున్నరకు లేచిన అధికారి యొద్దకు ఎనిమిది గంటలకు ఆవులించుచు పోవుట ఎట్లుండునో పాఠకులే ఊహించుకొనవచ్చును.

దోర్నకల్‌లోని ఎపిఫనీ దేవాలయము చూచినవారు మనలో కొందరు ఉందురు. కోవెల స్తంభములు, మసీదు గుమ్మటములు, సిలువ, అన్నియు ఒకే కట్టడములో కలిసి నిలిచినవి. డబ్బు లేక ఏండ్లకొలది సగములో నిలిచి నిలిచి సాగిన పని అది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగినది. త్వరగా ముగించుటకు విదేశములలో పెద్ద చందాలు తేగలిగినంత పలుకుబడి ఆయనకు ఉండెను. అయినను ముందుగా గ్రామములలో ప్రార్థించు జనులు, తరువాత రాతి గోడలు అన్నట్లు ఓపికతో కనిపెట్టినారు. మన వైపున ముందు గోడలు లేపి, పిమ్మట మనుష్యులను వెదకుచున్న గుళ్లు లేకపోలేదు.

సంఘ ఐక్యతకొరకు 1919 మే నెలలో తరంగంబాడిలో కూడిన ముప్పదిమూడుగురు గురువులలో ఆయన ప్రముఖులు. అప్పటినుండి ఇరువదియారు సంవత్సరములు కూటములు, తర్జనభర్జనలు, ఉత్తరప్రత్యుత్తరములు. అది ఒక పెద్ద చరిత్ర, ఇక్కడ చెప్పుటకు చోటు చాలదు. 1945 జనవరి 1న, కొద్ది దినముల జ్వరముతో, దోర్నకల్‌లో ఆయన ప్రభువునందు నిద్రించినారు. డెబ్బది ఏండ్లు. ఐక్యత ఇంకను రెండు సంవత్సరముల దూరములో ఉండెను. ఆయన దేహమును దేవాలయము ప్రక్కనే ఉంచినారు.

ఈ వ్యాసము వ్రాయుటకు పుస్తకములు తిరుగవేయుచుండగా మా శుక్రవారపు ప్రార్థన సంగతి మరల ముందుకు వచ్చినది. సాయంకాలము ఆరు గంటలకని మేము ఎన్నడో పెట్టిన వేళ అది. ఆరు గంటలకు మా సంఘస్థులు పాలకేంద్రము దగ్గర వరుసలో ఉందురు. ఆవులు పెట్టుకొని బ్రతుకువారు పాలు పోయక గుడికి వచ్చుట ఎట్లు? బస్సులో చిత్తూరు పోయి పనిచేయువారు ఏడున్నరకు గాని దిగరు. ఇన్నేండ్లు ఆ వేళ ఎవరికి అనుకూలముగా పెట్టితిమని ఆలోచింపగా, మాకే అనుకూలముగా పెట్టితిమని తేలినది. త్వరగా ముగించి ఇంటికి పోవచ్చునని. పెద్దలతో మాటలాడి దానిని రాత్రి ఎనిమిదిన్నరకు మార్చినాము; గుడిలో గాక వారమునకొక వీధిలో, ఎవరి వాకిట వీలైతే అక్కడ. మేము తెల్లవారుజామున లేచుట మొదలుపెట్టినాము. నాలుగున్నర అని చెప్పుకొనుటకు ధైర్యము లేదు. అయిదు అని వ్రాయుచున్నాము, అదియు వారమునకు నాలుగు దినములే కుదురుచున్నది. సంఘస్థుల పేర్లు ఒక నోటు పుస్తకములో వీధుల వారీగా వ్రాసి పెట్టుకొన్నాము.

మొదటి శుక్రవారము పదకొండుగురు వచ్చినారు. ఆ విధవరాలు తన చాప తానే తెచ్చుకొని ముందు వరుసలో కూర్చున్నది. ఆ రాత్రి ప్రార్థనలో ఆమె పెనిమిటి పేరు మేము ఎత్తగా ఆమె తల వంచుకొన్నది. బట్టీనుండి నేరుగా వచ్చిన ఒకాయన, మోచేతులకు బెల్లపు పాకము ఇంకను అంటియుండగా, రెండవ కీర్తన మధ్యలోనే గోడకు ఆనుకొని నిద్రపోయినాడు. ప్రక్కవాడు లేపబోగా మేము వద్దని సైగ చేసితిమి. ప్రార్థన ముగిసి దీపము తీయునప్పుడు ఆయన తానే మేలుకొని, వచ్చే శుక్రవారము ఎవరి వాకిట అని అడిగినాడు.